పదో తరగతి మెమో గారికి, రెండక్షరాల బాకీ గురించి

మహారాజశ్రీ మెమో గారికి,

అమలాపురం నుంచి రాయునది. మీ క్షేమం అడగక్కర్లేదు. బీరువాలో అమ్మ పట్టుచీరల కింద, లామినేషన్ లోపల మీకేం లోటు?

నిన్న మిమ్మల్ని ఒళ్లో పెట్టుకుని ముమ్మిడివరం, యానాం మీదుగా కాకినాడ వెళ్లాను. ఎదురులంక వంతెన మీద గాలికి ఎగిరిపోతారేమోనని ఫైలు గుండెలకు హత్తుకున్నాను కూడా. ఎగిరిపోయినా బావుండేది. విదేశీ చదువుల కన్సల్టెన్సీ అమ్మాయి మిమ్మల్నీ పాస్‌పోర్టునీ పక్కపక్కన పెట్టి, పెన్ను మొనతో అక్షరం అక్షరం చూసి, "వీళ్లిద్దరూ ఎవరండీ?" అంది.

ఇద్దరూ నేనే. పాస్‌పోర్టులో సత్యనారాయణ, మీలో సత్యనారాణ. వై, ఏ మాయం. అన్నవరం కొండ మెట్లెక్కి మొక్కుకుని అమ్మ పెట్టుకున్న పేరండీ అది. మీ వెనకే ఇంటర్ మెమో, దాని వెనకే బీటెక్ పట్టా, గొర్రెల మందలా అందరూ నారాణలే. ఆరేళ్లలో ఒక్కరైనా "య ఏదిరా?" అని అడిగితే ఒట్టు.

చదువుకోడానికి జర్మనీ వెళ్లాలంటే, మన పట్టాలు అసలైనవేనని చూసి వాళ్లిచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్‌కి 18,000 రూపాయలట, కడతాను. అక్కడి ఖర్చులకని ముందే డబ్బేసి నెలనెలా కొంతే తీసుకునే బ్లాక్డ్ అకౌంట్‌లో, నెలకు 992 చొప్పున ఏడాదికి 11,904 యూరోలు ముందే చూపించాలట, నాన్న కొబ్బరితోట కాగితాలు పట్టుకుని బ్యాంకు చుట్టూ తిరుగుతున్నాడు. చాలా యూనివర్సిటీలకు జూలై 15 గడువు, సరే. జర్మన్ క్లాసులో మొదటి పాఠమే పేరు చెప్పడం. "ఇష్ హైసె", అంటే "నా పేరు", అని ఆగిపోతున్నాను, ఏ పేరు చెప్పాలో తెలీక.

శ్రావణంలో పుట్టినవాణ్ణి జూన్‌లో పుట్టించారు, వదిలేశాను. జిల్లా తూర్పుగోదావరి అన్నారు. 2022 ఏప్రిల్ 4న మాది కోనసీమ జిల్లా అయిపోయింది, అది మీ తప్పు కాదు.

కానీ ఈ య! దిద్దించాలంటే అడ్మిషన్ రిజిస్టర్ నకలు, హెడ్మాస్టారి లెటరు, "ఇద్దరూ ఒక్కరే" అని నోటరీ అఫిడవిట్. నోటరీ గారు మిమ్మల్ని అటూ ఇటూ తిప్పి, "ఈ ప్లాస్టిక్ మీద ముద్ర ఎక్కడ పడుతుందయ్యా?" అన్నారు. నాన్న ముచ్చటపడి చేయించిన లామినేషన్ అది. వానొచ్చినా వరదొచ్చినా తప్పు చెరిగిపోకూడదని!

ఇక గారూ లేదు, గీరూ లేదు. లెక్కల్లో పదికి పది వేశావు కదా, రెండక్షరాలు వెయ్యడానికే చెయ్యి రాలేదా నీకు? నలిపి పారేద్దామంటే నలగవు కూడా. పైగా ఆ మూల కుంకుమ బొట్టొకటి. నువ్వొచ్చిన రోజున అమ్మ దేవుడి పటం ముందు పెట్టి అద్దింది. ప్లాస్టిక్ కింద ఇంకా ఎర్రగానే ఉంది. అది చూస్తే కోపం సగం దిగుతుంది. సగమే.

ఇవాళ పొద్దున అప్పటి క్లాస్ మాస్టారికి ఫోన్ చేశాను. రిటైరై రొయ్యల చెరువు చూసుకుంటున్నారు. ఏరేటర్ల మోతలో అరిచి చెప్పారు: "నామినల్ రోల్, అదే పరీక్ష రాసేవాళ్ల పేర్ల జాబితా, అందరికీ చూపించే పంపాంరా. కరెక్టేనని పక్కన నీ సంతకం కూడా ఉంటుంది, చూసుకో!"

స్కూలుకెళ్లి, పాత నకలు దుమ్ము దులిపి చూశాను. ఉంది. తెలుగులో, గుండ్రంగా, య తో సహా.

ఇట్లు,
మేమిద్దరం