గుండె జబ్బున్న పిల్లలకు జ్వరం: ముందు కల్చర్, ఆ తర్వాతే యాంటీబయోటిక్

గుండెలో లోపమున్న బిడ్డకు ఒళ్లు వెచ్చబడితే తల్లిదండ్రులు హడలిపోతారు. ఆ భయం అకారణం కాదు. దెబ్బతిన్న కవాటం (వాల్వ్) మీదో, ఆపరేషన్‌లో అమర్చిన కృత్రిమ భాగం అంచునో బ్యాక్టీరియా తిష్ఠ వేస్తే ఎండోకార్డైటిస్ వస్తుంది. దానికి వారాల తరబడి నరంలోకి మందు ఎక్కించాలి, ఒక్కోసారి మళ్లీ ఆపరేషనూ తప్పదు. అయితే ఆ భయంతోనే, కారణం తేలకముందే పట్టించే యాంటీబయోటిక్ సిరప్ అసలు జబ్బును కప్పిపుచ్చుతుంది.

సిరప్ నాలుగు పూటలు పడేసరికి జ్వరం దిగి బిడ్డ ఆడుకుంటుంది, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ కవాటాన్ని పట్టుకున్న గడ్డలో క్రిములు బతికే ఉంటాయి కాబట్టి, మందు ఆపిన కొద్ది రోజులకు జ్వరం తిరగబెడుతుంది. అప్పుడు కల్చర్‌కు, అంటే రక్తంలోని క్రిములను సీసాలో పెంచి గుర్తించే పరీక్షకు, రక్తం తీస్తే ముందు పడ్డ మందు వల్ల ఏమీ పెరగకపోవచ్చు. ఏ క్రిమో తెలియనప్పుడు ఏ మందు ఇవ్వాలన్నది వైద్యుడికి ఊహగానమే అవుతుంది. అందుకే కారణం తెలియని జ్వరంలో వేర్వేరుసార్లు, సాధారణంగా మూడుసార్లు, కల్చర్‌కు రక్తం తీశాకే మందు మొదలుపెట్టాలి. బిడ్డ పరిస్థితి విషమంగా ఉంటే నమూనాలు చకచకా తీసి, వెంటనే మందు ఇవ్వాలి. మామూలు జలుబు మాత్రం వైరస్ వల్ల వచ్చేదే. గుండె జబ్బు ఉన్నంత మాత్రాన అది యాంటీబయోటిక్‌కు లొంగదు.

దంత చికిత్సకు ముందు, ఎండోకార్డైటిస్ రాకుండా ఇచ్చే యాంటీబయోటిక్ విషయంలోనూ ఇదే విచక్షణ కావాలి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2007లో ఈ మందు అవసరమైనవారి జాబితాను బాగా కుదించింది. కృత్రిమ కవాటం ఉన్నవారు, గతంలో ఎండోకార్డైటిస్ వచ్చినవారు, సరిచేయని నీలి గుండె జబ్బు (రక్తంలో ఆక్సిజన్ తగ్గి ఒళ్లు నీలంగా మారేది) ఉన్నవారు, కృత్రిమ పదార్థంతో లోపం పూడ్చి ఆరు నెలలు నిండనివారు అందులో ముఖ్యులు. వీరికి కూడా చిగుళ్లను కదిలించే చికిత్సకు అరగంట నుంచి గంట ముందు ఒకే ఒక్క మోతాదు చాలు. అమాక్సిసిలిన్ అయితే కిలో బరువుకు 50 మిల్లీగ్రాములు, గరిష్ఠంగా 2 గ్రాములు. పాలపళ్లు వాటంతట అవి ఊడితే ఏ మందూ అక్కర్లేదు. పళ్లు తోముకునేటప్పుడు కూడా నోటి క్రిములు రక్తంలోకి చేరుతూనే ఉంటాయి కనుక, ఆరోగ్యమైన చిగుళ్లు రోజూ ఇచ్చే రక్షణ ఆ ఒక్క మోతాదు ఇవ్వలేదని నా అభిప్రాయం.

రుమాటిక్ గుండె జబ్బులో, అంటే గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చే రుమాటిక్ జ్వరం వల్ల కవాటాలు దెబ్బతినే జబ్బులో, లెక్క తిరగబడుతుంది. అక్కడ ప్రమాదం మందు ఎక్కువ కావడం వల్ల కాదు, మానేయడం వల్ల. ఆ జ్వరం మళ్లీ రాకుండా మూడు నాలుగు వారాలకోసారి బెంజథైన్ పెన్సిలిన్ అనే యాంటీబయోటిక్ ఇంజెక్షన్ ఏళ్ల తరబడి, బిడ్డ హుషారుగా ఉన్నా సరే, తప్పకుండా పడాలి. ఉగాండాలో తొలి దశ జబ్బున్న 818 మంది పిల్లలపై జరిగిన పరిశోధనలో రెండేళ్లకు ఈ ఇంజెక్షన్ తీసుకున్నవారిలో 0.8 శాతానికి, తీసుకోనివారిలో 8.2 శాతానికి జబ్బు ముదిరింది. మందు చిక్కగా ఉండి కండలోకి దిగేటప్పుడు బాగా నొప్పెడుతుంది, ఆ నొప్పికి భయపడే చాలామంది పిల్లలు తర్వాతి తేదీకి రామని మొండికేస్తారు. ఫ్రిజ్‌లోంచి తీసిన సిరంజిని కాసేపు బయట ఉంచి, చల్లదనం పోయాక, తొందరపడకుండా నెమ్మదిగా ఎక్కించే నర్సు దగ్గరికి ఆ పిల్లలు మళ్లీ వస్తారు.