టెర్రాఫర్మాకు ఎంచుకోవడం రాక కాదు

నిన్నటి నుంచి ఒక క్లిప్ తెగ తిరుగుతోంది. ఫిలిప్పీన్స్ బాస్కెట్‌బాల్ లీగ్ పీబీఏలో బరంగాయ్ హినెబ్రా గార్డులు స్టీఫెన్ హోల్ట్, ఆర్‌జే అబారియెంటోస్ ఎదుటి జట్టును ఓ ఆట ఆడుకుంటున్న ముక్కలన్నీ కలిపి పెట్టారు. బాగుంది, చూశాం. కింద ఒకాయన తీర్పు: "హినెబ్రా స్కౌటింగ్‌కి దండం పెట్టాలి. టెర్రాఫర్మా లాంటి జట్లకు ఆటగాళ్లను ఎంచుకోవడం చేతకాదు." దానికి లైకులే లైకులు.

ఒళ్లు మండిపోతోంది. హోల్ట్‌ని ఎంచుకున్నది ఎవరండీ? టెర్రాఫర్మా. 2023 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట, మొట్టమొదటి పిక్ అతను. 2024లో అబారియెంటోస్‌ని తీసుకున్న మూడో పిక్ అసలు ఎవరి వాటా? అదీ టెర్రాఫర్మాదే. 2024 జులైలో ఒకే ట్రేడ్‌లో హోల్ట్, ఐజాక్ గో, ఆ మూడో పిక్ మూడూ కలిపి హినెబ్రా చేతిలో పెట్టారు. బదులుగా వచ్చినవి క్రిస్టియన్ స్టాండ్‌హార్డింగర్, స్టాన్లీ ప్రింగిల్, పదో పిక్. కాగితం మీద చూస్తే ఇద్దరికి ఇద్దరు, పిక్‌కి పిక్. వయసు చూడండి. వచ్చిన ఇద్దరూ 35 దాటినవాళ్లో, దాటబోతున్నవాళ్లో. వెళ్లిన హోల్ట్ అప్పటికి ఆడింది ఒక్క సీజనే, ఆ సీజన్ రూకీ ఆఫ్ ది ఇయర్ (ఉత్తమ కొత్త ఆటగాడు) అతనే. ఆ మూడో పిక్‌తో హినెబ్రా తీసుకున్న అబారియెంటోస్ మరుసటి ఏడాది రూకీ ఆఫ్ ది ఇయర్. వరసగా రెండేళ్ల ఉత్తమ కొత్త ఆటగాళ్లు ఒకే ట్రేడ్‌లో ఒకే జట్టుకు చేరిపోయారు. దీన్ని స్కౌటింగ్ అంటారా?

ఇంకా కడుపు మండేది దానికి రెండు నెలల ముందు జరిగింది గుర్తొచ్చినప్పుడు. 2024 ఫిలిప్పీన్ కప్‌లో, అంటే ఇంపోర్టులు (విదేశీ ఆటగాళ్లు) లేకుండా స్థానికులే ఆడే కాన్ఫరెన్స్‌లో (సీజన్‌లోని మూడు టోర్నీల్లో ఒకటి), టెర్రాఫర్మా ఎనిమిదో స్థానం కోసం నార్త్‌పోర్ట్‌తో విడిగా ఒక మ్యాచ్ ఆడి గెలిచి క్వార్టర్‌ఫైనల్స్‌కి వచ్చింది. ఎదురుగా శాన్ మిగెల్, జూన్ మార్ ఫహార్డో ఉన్న జట్టు. అక్కడ నిబంధన ఏంటంటే, పై స్థానంలో ఉన్నవాళ్లకు ఒక్క గెలుపు చాలు, ఎనిమిదో స్థానం వాళ్లు వరసగా రెండు గెలవాలి. మొదటిది గెలిచేశారు! రెండోది ఓడిపోయారు, అది వేరే మాట. కానీ ఏళ్ల తరబడి అడుగున పడి ఉన్న జట్టు శాన్ మిగెల్‌ని చావోరేవో మ్యాచ్ దాకా లాక్కొచ్చింది. అలాంటి జట్టును ఎవరైనా ఏం చేస్తారు? ఇంకో పొడుగాటి ఆటగాణ్ని తెచ్చుకుని రెండేళ్లు కదపకుండా ఉంచుతారు. వీళ్లు జులైకల్లా విడగొట్టేశారు.

హోల్ట్ పోతే పోయింది పాయింట్లు మాత్రమే కాదు. బంతిని ముందుకు తీసుకెళ్లగలిగే గార్డులు ఇద్దరుంటే ఒకరి మీద ఇద్దరు కమ్ముకున్నా రెండోవాడు ఖాళీగా దొరుకుతాడు. ఒక్కడే మిగిలితే అతను హాఫ్ కోర్ట్ గీత దాటగానే ఇద్దరు డిఫెండర్లు మీద పడతారు. 24 సెకన్ల షాట్ క్లాక్‌లో సగం బంతిని వదిలించుకోవడానికే పోతుంది. మిగతా సగంలో ఎవరో మూలన నిలబడి తోచినట్టు విసరడమే. లీగ్ 49వ సీజన్ (2024-25) అంతా టెర్రాఫర్మా ఆట అచ్చం ఇలాగే సాగింది. మూడు కాన్ఫరెన్సుల్లో ఒక్కదాంట్లోనూ క్వార్టర్‌ఫైనల్స్ గడప తొక్కలేదు. సరే, అప్పుడైనా ఆపారా? 2025 జనవరిలో ఆ మిగిలిన ఒక్క షూటర్ హువామి టియోంగ్సన్‌ని కూడా శాన్ మిగెల్‌కి పంపేశారు. బదులుగా టెరెన్స్ రొమెయో, వయసు మీదపడిన విక్ మాన్యుయెల్. ఆ జులైలోనే శాన్ మిగెల్ ఫిలిప్పీన్ కప్ గెలిచింది.

ఇక స్టాండ్‌హార్డింగర్ సంగతి. నన్ను నిద్రపోనివ్వని ఉదాహరణ ఇదే. 2017 డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ ఈ జట్టుదే, అప్పట్లో పేరు కియా. అందరికీ తెలుసు, ఆ ఏడాది మొదటి పేరు 6 అడుగుల 8 అంగుళాల స్టాండ్‌హార్డింగర్‌దేనని. వయసు 28. కియా ఆ పిక్‌ని శాన్ మిగెల్‌కి ఇచ్చేసింది. ఆ సీజన్‌లో మూడు టైటిళ్లలో రెండు గెలిచిన జట్టుకి! పుచ్చుకున్నది రోనాల్డ్ టుబిడ్, జే-ఆర్ రేయెస్, రషాన్ మెకార్తీ, ఇంకా 2019 మొదటి రౌండ్ పిక్ ఒకటి. ఆ స్టాండ్‌హార్డింగర్ శాన్ మిగెల్‌కి ఆడాడు, నార్త్‌పోర్ట్‌కి ఆడాడు, హినెబ్రాతో టైటిళ్లు ఎత్తాడు. మోకాళ్లలో సత్తువంతా అక్కడ ఖర్చుపెట్టాక, 35వ ఏట, 2024లో, ఇదే జట్టుకు తిరిగి అంటగట్టారు. ఆ సీజన్ పూర్తికాకముందే రిటైర్ అయిపోయాడు. 28 ఏళ్లప్పుడు అయాచితంగా దక్కినవాణ్ని వదులుకుని, 35 ఏళ్లప్పుడు అతని కోసం హోల్ట్‌ని, అబారియెంటోస్‌ని ధారపోయడం! ఏ లీగ్ చరిత్రలోనైనా ఇంతకంటే ఘోరమైన బేరం ఉంటే చూపించండి.

మధ్యలో సీజే పెరెజ్. 2018లో ఈ జట్టు తీసుకున్న మొదటి పిక్, రూకీ ఆఫ్ ది ఇయర్. 2021 ఫిబ్రవరిలో శాన్ మిగెల్‌కి. 2024లో అక్కడ ఫైనల్స్ ఎంవీపీ (ఉత్తమ ఆటగాడు). 2021 మొదటి పిక్ జాషువా మున్జాన్ కూడా నిలవలేదు, నార్త్‌పోర్ట్‌కి పోయాడు. ఎంచుకోవడం చేతకాని జట్టంట!

"ఆటగాళ్లే ఇక్కడ ఉండం అంటారు, డబ్బు ఎక్కువిచ్చే చోటికి పోతారు" అని కొందరు తయారవుతారు. పీబీఏలో ఒక ఆటగాడికి నెల జీతం గరిష్ఠంగా 4,20,000 పెసోలు. ఏ జట్టైనా అంతే. అధికారికంగా ఆ గీత అందరికీ ఒక్కటే అయినప్పుడు, మంచివాళ్లంతా ఒకే దిక్కుకు ఎందుకు ప్రవహిస్తున్నారో వాళ్లే చెప్పాలి.

అసలు జబ్బు 12 జట్ల జాబితాలోనే ఉంది. శాన్ మిగెల్, హినెబ్రా, మాగ్నోలియా మూడూ శాన్ మిగెల్ కార్పొరేషన్‌వే. టీఎన్‌టీ, మెరాల్కో, ఎన్‌లెక్స్ మూడూ మాన్యుయెల్ పంగిలినన్ గ్రూపువి. సగం లీగ్ రెండు చేతుల్లో. పైగా ఏ జట్టుకీ సొంత ఊరు లేదు. మ్యాచ్‌లన్నీ అరనేటా కొలీజియం, మాల్ ఆఫ్ ఏషియా అరీనా, ఆంటిపోలో, పాసిగ్ అంటూ తిరుగుతుంటాయి. జట్టు పేరు కంపెనీ పేరే. కంపెనీ సరుకు మారితే జట్టు పేరూ మారుతుంది. 2014లో కియా సొరెంటోగా మొదలైంది ఈ జట్టు, కోచూ ఆటగాడూ బాక్సర్ మ్యానీ పాకియావోనే. మొదటి మ్యాచ్‌కి ఫిలిప్పీన్ అరీనాలో 50 వేల మందికి పైగా జనం! మరుసటి ఏడాదే మహీంద్రా ఎన్‌ఫోర్సర్ అయింది. అవును, మన మహీంద్రాయే. అప్పట్లో ఆ బండ్లను అక్కడ అమ్మే డీలరే జట్టు యజమాని. తర్వాత మళ్లీ కియా, తర్వాత కొలంబియన్, ఆ తర్వాత టెర్రాఫర్మా. ఇన్ని పేర్ల వెనక పరిగెత్తే అభిమాని ఎక్కడ దొరుకుతాడు? ఫలానా ఊరి జట్టు అయ్యుంటే హోల్ట్‌ని అమ్మిన రోజు ఆ ఊరు ఊరంతా ఆఫీసు ముందు కూర్చునేది. ఇక్కడ అడిగే నాథుడే లేడు. 2025లో జట్టునే ఓ షిప్పింగ్ కంపెనీకి అమ్మబోయారు, ఆ బేరమూ చెడింది. హోల్ట్, పెరెజ్, అబారియెంటోస్ జెర్సీలో ఉంటే కొనేవాళ్లు క్యూ కట్టేవాళ్లు కాదా?

మొదటి దోషి జట్టు యాజమాన్యమే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ప్రతి ట్రేడ్ మీదా లీగ్ కమిషనర్ ఆఫీసు ఆమోదముద్ర పడింది కదా. మొదటి మూడు పిక్‌లను, వాటితో వచ్చిన కుర్రాళ్లను రెండు పూర్తి సీజన్ల పాటు ట్రేడ్ చేయకూడదని ఒక్క వాక్యం రాస్తే చాలు. చివరి నాలుగు స్థానాల్లో ఉన్న జట్టు నుంచి ఆటగాణ్ని తీసుకోవాలంటే వయసు, మిగిలిన కాంట్రాక్ట్ కాలం రెండూ లెక్కగట్టి, ఎందుకు ఒప్పుకున్నారో బయటికి చెప్పాలి. ఒక్కో ట్రేడ్‌ని విడిగా చూస్తే ఏదో ఒక సాకు దొరుకుతుంది. అదే జట్టు గత ఐదేళ్ల ట్రేడ్‌లన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే దొరకదు.

జట్ల యజమానులు కూర్చునే లీగ్ బోర్డులో రెండు గ్రూపులవి ఆరు ఓట్లు, మిగతా యజమానులవి ఆరు. 2017లో ఆ స్టాండ్‌హార్డింగర్ పిక్ గొడవ మీదే ఏడు జట్లు ఒక్కటై కమిషనర్ చిటో నర్వాసా మీద నమ్మకం లేదన్నాయి. ఆయన దిగిపోయాడు కూడా. కుర్చీలో మనిషి మారాడు, విల్లీ మార్షియల్ వచ్చాడు. ట్రేడ్‌లు మాత్రం అదే దారిలో పోతున్నాయి. మనిషిని మార్చడానికి కలిసిన ఆ ఏడుగురు నిబంధన మార్చడానికి ఎందుకు కలవరు?