పంచె తాగిన కషాయం

రామతీర్థం కొండ మెట్లు ఎక్కి దిగిన మర్నాటి నుంచి నా కుడి మోకాలు వాచి, కూర్చుంటే లేవనీయక, లేస్తే కూర్చోనీయక వేధిస్తుండగా, మా ఆవిడ శొంఠి, మిరియాలు, తులసి ఆకులు, చెంచాడు పసుపు వేసి కషాయం కాచి గ్లాసు చేతికిచ్చింది. తాగి ఊరుకుంటే సరిపోయేది. ముప్పై ఏళ్లు విజయనగరం పిల్లలకు సైన్సు చెప్పిన నోరు ఊరుకోలేదు.

అరుగు మీదకు వచ్చిన పొరుగింటి నాయుడుగారికి, అల్లంలోని జింజెరాల్ ఎండేటప్పుడు కొంత షోగాల్‌గా మారుతుందనీ, శొంఠి ఘాటు దానిదేననీ, ఈ రెండూ వాపును రేపే ప్రోస్టాగ్లాండిన్ల తయారీకి అడ్డుపడుతున్నట్టు ప్రయోగశాలల్లో కనబడిందనీ వివరించాను. పసుపు దగ్గర నా గొంతు మరింత లేచింది. అందులో రంగుకూ, మందుగుణానికీ మూలమనే కర్క్యుమిన్ సుమారు 3 శాతమే. అది నీటిలో సరిగా కరగదు. కడుపులో పడినా పేగులూ కాలేయమూ దాన్ని చప్పున మార్చి సాగనంపుతాయి. మిరియాలలోని పైపరిన్ ఆ సాగనంపుడును ఆలస్యం చేస్తుంది. 1998లో బెంగళూరు పరిశోధకులు 2 గ్రాముల కర్క్యుమిన్‌కు 20 మిల్లీగ్రాముల పైపరిన్ జతచేస్తే, మనుషులలో అది ఒంటికి అందడం 2000 శాతం పెరిగిందని ప్రకటించారు.

"అయితే ఈ గ్లాసులో ఎంతుంటాది మేష్టారూ?" అన్నారు నాయుడుగారు. ఇంత మంచి ప్రశ్న నా తరగతిలో ఎవరూ అడగలేదు. చెంచాడు పసుపు 3 గ్రాములనుకుంటే 90 మిల్లీగ్రాములు; ఆ 2 గ్రాములు కావాలంటే ఇరవై రెండు గ్లాసులు పైనే తాగాలి. లెక్క చెబుతూ, కరగని పసుపు అడుగున ఎలా పేరుకుందో చూపిద్దామని గ్లాసు వంచేసరికి మోకాలు కలుక్కుమంది, కషాయమంతా నా పొందూరు ఖద్దరు పంచె మీద పడింది. ఒంటికి అందడానికి అంత మొరాయించే కర్క్యుమిన్, నూలుకు మాత్రం పైపరిన్ సాయమేమీ లేకుండానే పట్టేసింది.

మా ఆవిడ చూడకముందే లుంగీ చుట్టుకుని, పెరట్లో ఆ మరకకు బట్టల సబ్బు దట్టంగా రుద్దాను. పంచె ఎర్రబడింది. బకెట్లో నీళ్లూ ఎర్రబడ్డాయి. గోడ మీదుగా తొంగిచూసిన నాయుడుగారు "ఓలమ్మో, మేష్టారికి రగతం కారిపోతంది!" అని కేకపెట్టి ఆటోను పిలిచారు.

మా ఆవిడ తాపీగా వచ్చి బకెట్లోకి చూసింది. "సబ్బు రుద్దారా? పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందని మన పెళ్లినాడు చూడలేదా?" అంటూ నిమ్మకాయ కోసి ఇచ్చింది. పిండగానే ఎరుపు దిగి, పసుపు మళ్లీ ప్రత్యక్షమైంది. ఎండలో ఆరేస్తే రెండు మూడు రోజుల్లో అదే వెలిసిపోతుందట. వెలుతురుకు కర్క్యుమిన్ విరిగిపోతుందన్న సంగతి నాకు తెలియకపోలేదు కానీ, చెప్పే ధైర్యం చాలలేదు.

వచ్చిన ఆటోను ఉత్తినే పంపలేక డాక్టరుగారి దగ్గరకు వెళ్లాను. ఆయన మోకాలి సంగతి అడగనేలేదు. పచ్చటి నా అరచేతులు చూసి, కంగారుగా కనురెప్పలు కిందికి లాగి పరీక్షించడం మొదలుపెట్టారు.