జైలు జాబితాలో మనవాడి పేరు

అమెరికాలో కెంటకీ రాష్ట్రం, జెఫర్సన్ కౌంటీ. లూయీవిల్ నగరం అందులోనే ఉంది. అక్కడి తెలుగు కుటుంబాలకు ఒక శనివారం తరగతి పెట్టాలనుకున్నారు. మనవాళ్లెవరైనా అరెస్టయితే కౌంటీ జైలు రికార్డుల్లో ఎలా వెతకాలన్నది విషయం. పాఠం రాసినవారు వసుంధర గారు. గృహహింసకు గురైన ఆడవాళ్లకు ఏళ్లుగా తోడు నిలుస్తున్న మనిషి. ఆ పాఠం వద్దన్నవాడు మురళి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఇద్దరూ నాకు కావలసినవాళ్లే. నా మొగ్గు ఎటుందో చదివితే తెలిసిపోతుంది, దాచుకోవడం లేదు.

మురళి: అక్కా, మీ పాఠంలో మొదటి వాక్యమే నన్ను గుచ్చింది. ‘జైలు జాబితా అందరిదీ, ఎవరైనా చూడవచ్చు’ అని రాశారు. మనవాళ్లు పెళ్లి సంబంధం వస్తేనే మూడు తరాలు తవ్వుతారు. వాళ్ల చేతికి ఈ పార కూడా మనమే ఇవ్వాలా?

వసుంధర: అందరిదీ కాబట్టే అలా రాశాను మురళీ. ఇక్కడ ప్రభుత్వ రికార్డులు ప్రజలు చూడవచ్చన్న చట్టం 1976లో వచ్చింది. వీధిలో పోతున్న మనిషిని పట్టుకెళ్లి తాళం వేసిన ప్రభుత్వం ఎవరిని పెట్టింది, ఏ నేరం కింద, ఏ తేదీన, బెయిలు ఎంత అన్నది చెప్పి తీరాలి. ఇది నాకు చట్టం చదివితే వచ్చిన అభిప్రాయం కాదు. మాది వరంగల్ దగ్గర పల్లెటూరు. నా చిన్నప్పుడు ఒక రాత్రి మా పెద్దమ్మ కొడుకును జీపులో ఎక్కించుకుపోయారు. పెద్దమ్మ మూడు రోజులు క్యారియర్ పట్టుకుని మూడు పోలీసు స్టేషన్లు తిరిగింది. అందరిదీ ఒకే మాట, ‘ఇక్కడ ఎవరూ లేరు.’ సాయంత్రం ఇంటికొచ్చి మూత తీస్తే పెరుగన్నం పులిసిపోయి ఉండేది. నాలుగో రోజు మొదటి స్టేషనులోనే ఉన్నాడని తేలింది.

మురళి: ఆ కాలం వేరు కదా.

వసుంధర: ఆ కాలం అంత తేలిగ్గా పోలేదు. పోలీసు కస్టడీలో మరణాల మీద వచ్చిన డి.కె. బసు కేసులో మన సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పు చెప్పింది. అరెస్టయిన 12 గంటల్లోగా జిల్లా కంట్రోలు రూముకు తెలపాలి, అక్కడి నోటీసు బోర్డు మీద కనిపించేలా పెట్టాలి అంది. ఎంతమంది తల్లులు క్యారియర్లు మోస్తే ఆ బోర్డు వచ్చిందో ఆలోచించు. ఇక్కడ ఆ బోర్డే కంప్యూటర్‌లో ఉంది. దాన్ని చూడడం నేర్పొద్దంటే ఎలా?

మురళి: ఆ తల్లికి దారి చూపించడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ ఈ బోర్డు తల్లి కోసమే ఉందంటే ఒప్పుకోను. ఈ కౌంటీలో జరిగిందే చెబుతాను. 1972 చివర్లో లూయీవిల్ పోలీసులు, కౌంటీ పోలీసులు కలిసి దుకాణదారులకు ఫొటోల కరపత్రం పంచారు. ‘దుకాణాల్లో దొంగతనాలు చేసేవాళ్లు, జాగ్రత్త’ అన్నది దాని సారాంశం. అందులో ఎడ్వర్డ్ డేవిస్ అనే ఆయన ఫొటో ఉంది. ఆయన ఇక్కడి పత్రికలో ఫొటోగ్రాఫర్. 1971లో ఒక దుకాణంలో అరెస్టయ్యాడు, నేరం చేయలేదన్నాడు, విచారణే జరగలేదు. కరపత్రం పంచిన కొద్ది రోజులకే కేసు కొట్టేశారు. ఈలోగా పై అధికారి పిలిచి, ఉద్యోగం తీయనుగానీ మళ్లీ ఇలాంటిది రాకుండా చూసుకోమన్నాడు. డేవిస్ సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. పేరు చెడినంత మాత్రాన రాజ్యాంగ హక్కు పోయినట్టు కాదని 1976లో కోర్టు చెప్పింది. మీరు గొప్పగా చెప్పిన ఆ చట్టమూ ఆ సంవత్సరమే వచ్చింది. కరపత్రమైతే చిరిగిపోతుంది. అరెస్టయినప్పుడు జైల్లో తీసే బుకింగ్ ఫొటో ఇంటర్నెట్‌లోకి ఎక్కితే చిరగదు.

వసుంధర: డేవిస్‌కు జరిగింది అన్యాయమే. విచారణ లేకుండా దొంగ అని ముద్ర వేశారు. కానీ జైలు జాబితా అలా అనదు. ‘ఈ ఆరోపణ మీద ఈ మనిషి మా దగ్గర ఉన్నాడు’ అంటుంది, అంతే. అరెస్టు వేరు, శిక్ష వేరు. నా పాఠంలో రెండో పేజీ అంతా అదే రాశాను. కౌంటీ జైల్లో ఉండేవాళ్లలో చాలామంది ఇంకా విచారణ జరగనివాళ్లు.

మురళి: రెండో పేజీ ఎవరు చదువుతారు అక్కా? ఫొటో చూస్తారు. నారింజ రంగు చొక్కా, రేగిన జుట్టు, నిద్ర లేని కళ్లు. ఆ ముఖం చూశాక ఆరోపణ అన్న మాట ఎవరి బుర్రకూ ఎక్కదు.

వసుంధర: సరే, నువ్వు ఈ కౌంటీ కథ చెప్పావు కనుక నేనూ ఇక్కడిదే చెబుతాను. 1993 డిసెంబరు 6. మేరీ బైరన్ అనే అమ్మాయికి ఆ రోజు 21వ పుట్టినరోజు. ఆమె మీద అత్యాచారం చేసిన పాత స్నేహితుడు జైల్లో ఉన్నాడనే ఆమె నమ్మకం. అతను బెయిలు మీద బయటికొచ్చాడు. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. పని ముగించుకుని కారులో కూర్చున్న అమ్మాయిని కాల్చి చంపాడు. అది జరిగిన ఏడాదికి, 1994లో, ఖైదీ విడుదలైతే నమోదు చేసుకున్నవాళ్లకు దానంతటదే ఫోను చేసే ఏర్పాటు ఈ జెఫర్సన్ కౌంటీలోనే మొదలైంది. ‘వైన్’ అంటారు. ఇప్పుడు దేశంలో చాలా రాష్ట్రాల్లో ఉంది. మన ఆడపిల్లల చేత దాంట్లో నమోదు చేయించాను నేను. అర్ధరాత్రి ఆ ఫోను మోగితే పిల్లల్ని లేపి, చెప్పులు కూడా వేసుకోకుండా కారెక్కినవాళ్లు ఉన్నారు.

మురళి: అది కావలసిన ఒక్క మనిషికి వచ్చే ఫోను. ఆ ఒక్కరికి చెప్పడానికి ఊరందరికీ ముఖం చూపించనక్కరలేదు. మీ ఉదాహరణ నా పక్షాన ఉంది.

వసుంధర: లేదు. ఆ ఫోను కోసం ఎవరైనా నమోదు చేసుకోవచ్చు, బాధితురాలినని రుజువు చూపించాల్సిన పని లేదు. దాని బలమంతా అక్కడే ఉంది. భర్త మీద తాను ఫిర్యాదు ఇవ్వని అమ్మాయి సంగతి చూడు. పక్కింటివాళ్లు పోలీసులను పిలిచారు, అతన్ని తీసుకెళ్లారు. ఈ అమ్మాయికి ఇంగ్లీషు అంతంతమాత్రం, వీసా భర్త మీద ఆధారపడింది. ‘నీకు అతనేమవుతాడు, కాగితం చూపించు’ అని అడిగే కిటికీ ఒకటి మధ్యలో పెడితే ముందు ఆగిపోయేది ఈ అమ్మాయే. నువ్వు తలుపు దగ్గర కాపలా పెట్టమంటున్నావు. కాపలావాడిని దాటలేనివాళ్లే నా దగ్గరికి వస్తారు.

(మురళి దీనికి వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పదగిన జవాబు నాకూ కనిపించలేదు.)

మురళి: వెతకడం అంత సులువైతే మీ పాఠం పది పేజీలు ఎందుకైంది?

వసుంధర: మన పేర్ల వల్ల! ఇంటిపేరు ముందు రాస్తాం, అసలు పేరు వెనక వస్తుంది. పాస్‌పోర్టులో పేర్లన్నీ ఒకే గడిలో ఉంటే వీసా మీద పేరు చోట ‘ఎఫ్ఎన్‌యు’ అని కొడతారు, మొదటి పేరు తెలియదని అర్థం. జైల్లో గుమాస్తా దాన్నే పేరనుకుని ఎక్కిస్తే కన్నతండ్రికి కూడా కొడుకు దొరకడు. అందుకే ముందు ఇంటిపేరు ఒక్కటే కొట్టి చూడమంటాను. తరువాత అసలు పేరును ఇంటిపేరు గడిలో పెట్టమంటాను. పొడవైన పేరైతే మొదటి నాలుగైదు అక్షరాలు చాలు. పుట్టిన తేదీతో సరిచూసుకోవాలి, రెడ్డి, రావు అంటే ఎందరో ఉంటారు. ఇక ఊరు. ఒహాయో నది వంతెన దాటితే జెఫర్సన్‌విల్. పేరు చూసి జెఫర్సన్ కౌంటీ అనుకుంటారు. అది ఇండియానా రాష్ట్రం, క్లార్క్ కౌంటీ. కెంటకీలో 120 కౌంటీలుంటే అన్నింటికీ జైళ్లు లేవు, పట్టుకున్నవాణ్ని పక్క కౌంటీకి పంపుతారు. ఇమిగ్రేషన్ అధికారులు పట్టుకున్నవాళ్లను వెతకడానికి వేరే పేజీ ఉంది, అందులో పుట్టిన దేశం కూడా ఇవ్వాలి. 2019 జనవరిలో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం పేరుతో అధికారులే వేసిన వలలో 129 మంది భారతీయ విద్యార్థులు పట్టుబడ్డారు. ఎక్కువమంది మన పిల్లలే. ఆ వారమంతా తెలుగు ఊళ్లలో ఎన్ని ఇళ్లల్లో నిద్ర లేదో నీకూ తెలుసు.

మురళి: తెలుసు. అయితే ఆ జాబితాను తల్లిదండ్రుల కంటే ముందు చూసేవాళ్లు కూడా ఉన్నారు. నా స్నేహితుడి భార్యకు పేరు ఎక్కిన గంటన్నరలో ఫోను వచ్చింది. జైలు నుంచి మాట్లాడుతున్నాం, బెయిలుకు గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చదవండి అన్నారు. భర్త పేరు, ఆరోపణ, బెయిలు మొత్తం, అన్నీ సరిగ్గా చెప్పారు. ఎక్కడి నుంచి తెలిశాయి? మీ బోర్డు నుంచే.

వసుంధర: దానికి మందు పాఠంలో ఉంది. బెయిలు వ్యాపారాన్ని కెంటకీ 1976లోనే రద్దు చేసింది. కమీషన్ మీద బెయిలు కట్టే మనుషులు ఈ రాష్ట్రంలో ఉండరు. కనుక ఆ పేరుతో ఎవరు ఫోను చేసినా మోసమే. ఇది తెలిసిన ఇల్లాలు ఫోను పెట్టేస్తుంది.

మురళి: ఆమెకు తెలియదు. కార్డులు కొన్నది. అదీ పోనివ్వండి, డబ్బే కదా. ఆరు నెలలకు కేసు కొట్టేశారు. మళ్లీ పెట్టడానికి వీల్లేకుండా కొట్టేసిన కేసును కోర్టే చెరిపేసేలా 2020లో చట్టం కూడా చేశారు, సంతోషం. కోర్టులో చెరిగింది. ఫొటోను ఎత్తుకెళ్లినవాడి దగ్గర చెరగలేదు. తీసేయడానికి డబ్బు అడగకూడదని ఈ రాష్ట్రం నిషేధించింది. అడక్కుండా ఊరికే ఉంచుకుంటే? శిక్ష పడని అరెస్టును ఏడేళ్లు దాటాక నేపథ్య పరిశీలన సంస్థలు చెప్పకూడదని దేశమంతటికీ ఒక చట్టం ఉంది. అందులో ఒక మినహాయింపు పెట్టారు, జీతం ఏడాదికి 75,000 డాలర్లు, ఆపైన ఉండే ఉద్యోగాలకు ఆ గడువు లేదట. మనవాళ్లు చేసే ఉద్యోగాలు ఏవి అక్కా? సరిగ్గా అవే.

వసుంధర: వీసా ఫారంలో అరెస్టు ఎలాగూ చెప్పుకోవాలి. వేలిముద్రలు ఎలాగూ కేంద్రానికి వెళతాయి. జాబితా మూసేస్తే ప్రభుత్వానికి తెలియకుండా పోయేది ఏదీ లేదు. చీకట్లో ఉండేది ఇంటివాళ్లే.

మురళి: మూయమనడం లేదు. మనిషి లోపల ఉన్నంతసేపు తెరిచి ఉంచండి. బయటికొచ్చి, కేసు పోయాక తీసేయండి. ఫొటో అసలు పెట్టొద్దు, తల్లికి కొడుకు పేరు చాలు.

వసుంధర: ఫొటో విషయంలో నీతో వాదించను. కానీ పాత పేర్లు తీసేస్తే, బెయిలుకు మూడు వందల డాలర్లు లేక మూడు వారాలు లోపలున్నవాళ్లను రేపు ఎవరు లెక్కపెడతారు? లోపల చనిపోయినవాడు ఎన్ని రోజులు ఉన్నాడని ఎవరు అడుగుతారు? జైలు తన లెక్క తానే తుడుచుకోవడానికి నేను ఒప్పుకోను. ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. ఆ రాత్రి నీ స్నేహితుడు ఎక్కడున్నాడో నీకెలా తెలిసింది?

మురళి: జాబితాలోనే. తెల్లవారుజామున రెండున్నరకు. మూడు కౌంటీలు వెతికాను. పేరు తిరగేసి ఎక్కించారు.

వసుంధర: పేరు కనబడగానే ఏం చేశావు?

మురళి: అతని భార్యకు ఫోను చేసి, బతికే ఉన్నాడని చెప్పాను. అదే పేజీని ఏడాది తరువాత అతని ఉద్యోగం ఇంటర్వ్యూ చేసినవాళ్లు కూడా చూశారు. వాళ్లు ఫోను చేయలేదు.

వసుంధర: శనివారం నువ్వూ రా. ఆ రాత్రి ఎలా వెతికావో చెప్పు. రాని ఆ ఫోను గురించి కూడా చెప్పు.

మురళి: అతని పేరు చెప్పను.

వసుంధర: చెప్పొద్దు.