ముల్లు ఎక్కడుంది?

ఇంజిన్లో పిస్టన్లనూ వాల్వుల్నీ ఒకే లయలో నడిపే టైమింగ్ బెల్టు మార్చడం పెద్ద విద్యేమీ కాదని మా బావమరిదికి చెప్పింది నేనే. కాబట్టి స్పానర్ల పెత్తనం నాది, టార్చి పట్టుకుని నిలబడే ఉద్యోగం వాడిది.

పాత బెల్టు ఊడింది, కొత్తది ఎక్కింది. బెల్టును బిగుతుగా ఉంచే టెన్షనర్ దగ్గరే వచ్చింది తంటా. పేరులోనే టెన్షన్ ఉంది, ముందే గ్రహించాల్సింది. అరచేతిలో పట్టే కప్పీ అది. బోల్టు రంధ్రం నడిమధ్యన కాకుండా ఓ పక్కకి ఉంటుంది. కీ పెట్టి తిప్పితే కప్పీ బెల్టు మీదికి ఒరుగుతుంది, ఓ చిన్న ముల్లు జరిగి గాడికి ఎదురుగా వస్తుంది. అక్కడ ఆపి నట్టు బిగించాలి. పుస్తకంలో ఒకటిన్నర లైను.

ముల్లును గాడికి తెచ్చి నట్టు బిగించాను. నట్టుతో పాటు ముల్లూ బయల్దేరింది.

"ఎక్కడుందిరా?"

"గాడి దాటింది బావా."

వదులు చేసి, వెనక్కి తెచ్చి, మళ్లీ బిగించాను. "ఇప్పుడు?"

"దాటలేదు... ఆగు... దాటింది."

బెల్టు మరీ బిగిస్తే కూస్తుంది, వదులైతే పన్ను జారుతుంది. ఈ రెండింటి మధ్య నా నడుము పట్టేసింది. ఎడమచేత్తో కీని కదలనివ్వకుండా పట్టుకునే కుడిచేత్తో బిగించాలని ఐదోసారికి గానీ బుర్రకెక్కలేదు. తగినంత బిగిసిందని చెప్పే టార్క్ రెంచ్ టక్కుమంది. ముల్లు గాడిలోనే ఉంది!

ఇక క్రాంకు, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, దాని బోల్టుకు స్పానరు పెట్టి రెండు చుట్లు తిప్పి చూడాలి. ఆలోగా వాల్వుల్ని తెరిచే ఇరుసు క్యామ్ ఒక్క చుట్టు తిరిగి, గుర్తులన్నీ మొదటి చోటికి రావాలి. తేడా వస్తే కొన్ని ఇంజిన్లలో పిస్టన్లు పోయి వాల్వుల్ని గుద్దుతాయి. ఊపిరి బిగబట్టి తిప్పాను. బెల్టు మీద నేను గీసుకున్న తెల్ల గీతలు ఎక్కడో ఉన్నాయి!

గుండె జారింది. మొత్తం విప్పి మళ్లీ బిగించాను. గీతలు మళ్లీ ఎక్కడో. మూడోసారి నట్టు మీద చెయ్యి వేస్తుంటే వాడు గొంతు సవరించుకున్నాడు.

"బావా, పుల్లీల మీద గుర్తులు సరిగ్గానే ఉన్నాయిగా?"

ఉన్నాయి. మొదటిసారీ ఉన్నాయి.

"బెల్టుకి పళ్లు ఎక్కువ కదా, క్యామ్ ఒక్క చుట్టు తిరిగేలోగా అది పూర్తిగా తిరిగి రాదుగా. ఆ గీతలు ఎక్కించేటప్పుడు చూసుకోవడానికే అనుకుంటా."

స్పానరు వాడి చేతిలో పెట్టి టార్చి నేను పుచ్చుకున్నాను.