ఉప్పు తగ్గించమన్నారా? కార్పేతియన్ కొండలకు పదండి

బీపీ ఉంది, ఉప్పు తగ్గించండి అని డాక్టరు చెప్పగానే మనవాళ్లు చేసే పనులు రెండు. ఇంట్లోవాళ్లు చూస్తున్నంతసేపూ అప్పడం ముట్టుకోకపోవడం, పెరుగన్నంలో నంజుకునే ఆవకాయ లెక్కలోకి రాదని వాదించడం. మూడో మార్గం కూడా ఉంది. ఉప్పును నోటితో మానేసి ముక్కుతోనూ చర్మంతోనూ పుచ్చుకోవడం. కాకపోతే దీనికి రొమేనియా దాకా వెళ్లాలి. వీసా, విమానం ఖర్చులు చూశాక బీపీ ఎలాగూ పెరుగుతుంది కాబట్టి చికిత్సకు అర్హత విషయంలో ఇబ్బంది ఉండదు.

ట్రాన్సిల్వేనియాలో, తూర్పు కార్పేతియన్ కొండల్లో, ప్రాయిద్ అని ఒక ఊరుంది. ఊరి కిందంతా ఉప్పే. 2025 మే దాకా యాత్రికులను బస్సెక్కించి నేరుగా గనిలోకి దించేవారు. భూమికి నూరు మీటర్లకు పైగా లోతున, ఎండాకాలమైనా చలికాలమైనా పదహారు డిగ్రీల చల్లదనంలో, పెద్దలు బెంచీల మీద కూర్చుని ఊపిరి పీల్చేవారు. పీల్చడమే చికిత్స. రోజుకు కొన్ని గంటల చొప్పున రెండు మూడు వారాలు పీల్చాలి. ఊరికే పీల్చడం బోరు కాబట్టి లోపలే ప్రార్థనామందిరం, కాఫీ దుకాణం, పిల్లలకు జారుడుబల్లలు పెట్టారు. ఉబ్బసంతో వచ్చిన పిల్లలు జారుడుబల్ల చుట్టూ పరుగెత్తి ఆయాసపడితే మళ్లీ పక్కనే చికిత్స.

దీని వెనుక శాస్త్రం లేదనుకోకండి. పోలండ్‌లోని వియెలిచ్కా ఉప్పు గనిలో ఫెలిక్స్ బోచ్కోవ్‌స్కీ అనే వైద్యుడు గని కార్మికులకు ఊపిరితిత్తుల జబ్బులు తక్కువని గమనించి 1843లో పుస్తకం రాశాడు. దగ్గేవాణ్ణి గనిపనిలో ఎన్నాళ్లు ఉంచుతారన్న చిన్న సందేహం మనలాంటి పనిలేనివాళ్లకు వస్తుంది. ఆయన మాత్రం ఉప్పుగాలినే సిఫార్సు చేశాడు. కార్మికుల గునపాన్ని, తట్టను, దినకూలిని సిఫార్సు చేయలేదు. వైద్యంలో మోతాదు ముఖ్యం కదా.

2001లో, వైద్య అధ్యయనాలను జల్లెడపట్టే కోక్రేన్ సంస్థ సమీక్షకులు ఉబ్బసానికి గనివైద్యం పనిచేస్తుందా అని వెతికి, పనికొచ్చే అధ్యయనాలు మూడే దొరికాయని, వాటితో ఏమీ తేల్చలేమని చెప్పారు. తేల్చలేమన్నారు గానీ పనిచేయదని అనలేదు. ఒక టికెట్ కౌంటరు తెరవడానికి ఈ మాత్రం చాలు.

గాలి అయ్యాక నీళ్లు. ప్రాయిద్‌కు కాస్త దూరంలోనే సోవాటా అనే ఊరు. అక్కడ ఎలుగుబంటి సరస్సు. పై నుంచి చూస్తే ఆరేసిన ఎలుగు తోలులా ఉంటుందట, అందుకా పేరు. దీన్ని ఏ రుషీ తవ్వలేదు, ఏ దేవుడూ బాణం వేసి పుట్టించలేదు. 1875లో ఉప్పు నేల కుంగిపోయింది, గుంటలోకి వాగుల నీళ్లు చేరాయి, అంతే. అడుగున చిక్కటి ఉప్పునీరు, పైన పలచగా మంచినీరు. ఎండ వేడి కిందికి దిగుతుంది. ఉప్పునీరు బరువెక్కువ కాబట్టి వేడెక్కినా పైకి లేవదు, వేడి అక్కడే చిక్కుకుంటుంది. హంగేరీ రసాయనవేత్త కాలెచిన్‌స్కీ 20వ శతాబ్దం మొదట్లో కొలిస్తే, పైన మామూలు నీళ్లే, మీటరుంపావు లోతున దాదాపు 70 డిగ్రీలు. గుజరాత్‌లోని భుజ్‌లో ఇదే సూత్రంతో చెరువు కట్టి పాలడెయిరీకి వేడినీళ్లు పంపారు. వాళ్లకు వ్యాపారం తెలియదు. చెరువులో మనుషుల్ని దించకుండా పాలపని చేయించుకున్నారు.

సోవాటాలో మనుషుల్నే దించారు. జనం ఈదితే పొరలు కలిసిపోయి నీళ్లు చల్లబడతాయి కాబట్టి మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా స్నానాలు బంద్. సరస్సుకు భోజన విరామం ఇచ్చిన నాగరికతను మనం గౌరవించాలి. విరామానికి ముందూ వెనకా చూడాల్సిన దృశ్యం ఒకటుంది. నిండు పొట్టల పెద్దమనుషులు మునగాలన్నా మునగలేక తేలుతుంటారు, తర్వాత నల్లటి బురద పూసుకుని చెక్క అరుగుల మీద ఎండుతారు, మళ్లీ దిగి ఊరతారు. మన ఇళ్లలో ఊరమిరపకాయలకు చేసే మర్యాద సరిగ్గా ఇదే.

కీళ్లనొప్పులతో పాటు సంతానం లేనివారికీ ఈ నీళ్లు మంచివని సోవాటాకు పాత పేరు. కనక పెళ్లయిన మూడో నెల నుంచే ఫోన్ చేసి "ఏమ్మా, ఏమైనా విశేషమా?" అని ఆరా తీసే పెద్దమ్మలకు నా మనవి. ఈసారి విశేషం అడిగేముందు రెండు విమాన టికెట్లు పంపండి.

ఇక గని సంగతి. 2025 మే నెల వానలకు కోరుంద్ వాగు పొంగి, తన అడుగు తానే తెంచుకుని, ప్రాయిద్ గనిలోకి దూకింది. కొద్ది రోజుల్లోనే గని మునిగింది. జారుడుబల్లలు పోయాయి, కార్మికుల పని పోయింది, యాత్రికులకు గదులు అద్దెకిచ్చి బతికే ఊరు గొల్లుమంది. ఆ ఉప్పంతా తర్నావ మీకా నదిలో కలిసి కింద తర్నవేని పట్టణంలో కుళాయి నీళ్లు తాగడానికి పనికిరాకుండా పోయాయి. కొండెక్కే శ్రమ లేకుండా ఉప్పు వైద్యం ఇంటికే వస్తే, ఆ జనం ట్యాంకర్ల ముందు బకెట్లు పట్టుకుని నిలబడి సణిగారు. ఉప్పు తిన్న విశ్వాసం కూడా లేదు.

నిజానికి జరిగిందేమిటి? ఉప్పు నేల, వాగు నీళ్లు, ఒక పెద్ద గుంట. 1875లో సోవాటాలో జరిగినదానికీ దీనికీ తేడా టికెట్ కౌంటరు ఒక్కటే. అందుచేత రొమేనియా ప్రభుత్వానికి నా సూచన. దీన్ని ప్రమాదం అనడం వెంటనే మానేసి "నిర్మాణంలో ఉన్న ఔషధ సరస్సు" అని బోర్డు పెట్టించాలి. పైన పలచగా మంచినీరు నిలవడానికి ఒక కమిటీ వేయాలి. ఏ జంతువు తోలులా ఉందో చూడటానికి హెలికాప్టర్ పంపాలి. భోజన విరామం వేళలు ముందే ప్రకటించాలి. ఓ నూటయాభై ఏళ్లు ఓపిక పడితే పెద్దమ్మలు వాళ్లంతట వాళ్లే వస్తారు. అప్పటిదాకా గని కార్మికులు ఏం తిని బతకాలంటారా? అది పర్యాటక శాఖను అడగాల్సిన ప్రశ్న కాదు.