వరద మీద హెలికాప్టర్ తిరుగుతుంటే మీ డ్రోన్ బ్యాగులోనే ఉండాలి

"నాలుగొందల అడుగుల లోపు ఎగరేస్తే ఎవరికీ ఇబ్బంది లేదు బ్రో." డ్రోన్ కొన్న ప్రతి కుర్రాడూ అనే మాట ఇది. మామూలు రోజుల్లో, గ్రీన్ జోన్‌లో, అంటే ముందస్తు అనుమతి లేకుండా ఎగరెయ్యగలిగే చోట, ఆ మాటలో తప్పు లేదు. వరద రోజున మాత్రం అదే మాట ప్రాణాల మీదకి తెస్తుంది.

2024 సెప్టెంబరులో విజయవాడ గుర్తు తెచ్చుకోండి. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. జనం డాబాల మీద. అన్నం పొట్లాలు, మంచినీళ్లు పట్టుకుని హెలికాప్టర్లు వచ్చాయి. ప్రభుత్వం డ్రోన్లతో కూడా ఆహారం పంపింది. పొట్లం డాబా మీద పడాలంటే హెలికాప్టర్ ఎంత కిందికి రావాలి? మనదే అనుకునే ఆ నాలుగొందల అడుగుల్లోకే కదా! చిన్న డ్రోన్ ఆ పైలట్ కంటికి ఆనదు. మీరేమో ఫోన్ స్క్రీన్‌లో నీళ్లు చూస్తుంటారు, వెనక నుంచి వచ్చేది చూడరు. సిగ్నల్ పోయిందా, చాలా డ్రోన్లు తిరిగి రావడానికి ముందు తమంతట తామే పైకి లేస్తాయి. సరిగ్గా హెలికాప్టర్ ఉన్న వైపుకే.

"నాది 250 గ్రాములు కూడా లేదు, ఏమవుతుంది?" అనేవాళ్లకి చెబుతున్నాను. 2025 జనవరి 9న లాస్ ఏంజలెస్‌లో పాలిసేడ్స్ మంటలు ఆర్పుతున్న విమానాన్ని ఢీకొట్టింది అలాంటి బుల్లి డ్రోనే. రెక్కకి చిల్లు పడింది. కెనడా నుంచి సాయానికొచ్చిన ఆ సూపర్ స్కూపర్ (నీళ్లు ముంచుకుని మంటల మీద పోసే విమానం), ఊరు కాలిపోతుంటే, మరమ్మతుకి కూర్చుంది. ఎగరేసిన మనిషి ఆ తర్వాత కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. మంటలు ఎలా ఉన్నాయో చూద్దామన్న సరదా తప్ప అతనికి వేరే ఉద్దేశం లేదు. మనవాళ్లకీ ఉండేది ఆ సరదానే. నాకు భయం అందుకే.

మన 2021 డ్రోన్ నిబంధనల్లో నానో డ్రోన్‌కి, అంటే 250 గ్రాములు దాటని దానికి, పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదన్నారు. అంతేగానీ ఎక్కడైనా ఎగరెయ్యమనలేదు. ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ఒక ప్రాంతాన్ని ఒక్కో విడతలో 96 గంటల దాకా తాత్కాలిక రెడ్ జోన్, అంటే అనుమతి లేకుండా డ్రోన్ ఎగరెయ్యకూడని చోటు, చెయ్యొచ్చు. మనుషులు ఎక్కిన విమానానికి దారి వదలడం ఎప్పుడైనా మన పనే. ఆ రెడ్ జోన్ సంగతి ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్ డిజిటల్ స్కైలో చూసుకోవాలంటారు. కరెంటూ నెట్టూ పోయిన ఊళ్లో ఎక్కడ చూస్తాం? ఈ విషయంలో అధికారుల మీద నాకు కోపం ఉంది. తుఫాను హెచ్చరికకి ఎస్సెమ్మెస్ పంపగలిగినవాళ్లు దీనికీ తెలుగులో రెండు లైన్లు పంపలేరా? పంపేదాకా, వరద ప్రాంతం మొత్తం రెడ్ జోనే అనుకుని ఆగడం మన బాధ్యత.

ఇంకోటి. రెండు రోజులుగా తిండి లేని మనిషి డ్రోన్ చప్పుడు వినగానే అన్నం వచ్చిందనుకుని చేతులు చాపుతాడు. మీరు అతన్ని రీల్ తీసుకుని వెళ్లిపోతారు. తడి బట్టలతో డాబా మీద ఉన్న ఆడవాళ్లని పైనుంచి తీసి, మ్యూజిక్ పెట్టి వదలడానికి మనసెలా ఒప్పుతుందో నాకు అర్థం కాదు.

సాయం చెయ్యాలనే ఉంటే దారి ఉంది. మన ఊళ్లలో డ్రోన్ చెయ్యి బాగా తిరిగినవాళ్లు పెళ్లి వీడియోగ్రాఫర్లు. ఎక్కడ మనుషులు చిక్కుకున్నారో, ఏ గట్టు తెగిందో వెతకడానికి వాళ్లు ఎంతో పనికొస్తారు. కాకపోతే కంట్రోల్ రూమ్ పిలిచినప్పుడు, చెప్పిన చోట, చెప్పిన ఎత్తులో, హెలికాప్టర్ వస్తోందనగానే దించేసేలా. వానాకాలానికి ముందే ప్రతి జిల్లాలో ఇలాంటివాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకుని, ఒక్కపూట ఫైర్, పోలీసు సిబ్బందితో కలిపి కూర్చోబెడితే చాలు. దీనికి పెద్ద బడ్జెట్ కూడా అక్కర్లేదు.

వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో నేను ఈ అర్జీ ఇస్తున్నాను. మా జిల్లాలో డ్రోన్ ఉన్నవాళ్లు సంతకానికి రండి.